గొంగడి కిందివాడు

పోయినేడు దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన సోమవారం, పొద్దున పదకొండు గంటలకు, హాలియా దగ్గరి ఒక బడిలో పదో తరగతి పిల్లలు నన్ను చూసి పకపకా నవ్వారు. నేనింకా నోరు విప్పనే లేదు.

అదంతా నా మనవరాలి పని. ఆ బడిలో కొత్తగా జీవశాస్త్రం చెబుతుంది. తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు ఎలా వస్తాయన్న పాఠాన్ని పుస్తకంలో ఉన్నట్టు చెబితే పిల్లలు కునుకు తీస్తున్నారని, బొమ్మలు గీసి చెప్పడం మొదలుపెట్టింది. పెద్దసారుకు అది నచ్చలేదు. "సోమవారం నేనొచ్చి వెనక కూసుంటనమ్మా. పిల్లలకు సమజైతె సరే, లేకుంటె బొమ్మలు బంద్" అన్నాడట.

నన్నెందుకు తీసుకుపోయిందంటే, బొమ్మలో ఉన్న మొహం నాది.

"తాతా, నువ్వు ఊకె కూసుంటె చాలు. నోరు తెరవకు" అని బస్సు దిగిన దగ్గర్నుంచి చెబుతూనే ఉంది. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి గానీ నోరు పుట్టుకతోనే వచ్చింది. ఆమె భయం ఆమెది.

బోర్డు మీద ఒక ఇంటి అరుగు గీసింది. దాని మీద ఇద్దరు. ముందు కూర్చున్నవాడికి మీసాలు, బొర్ర పొట్ట, తెరిచిన నోరు. అచ్చం నేనే. పిల్లలు మొదట పకపకా నవ్వింది అప్పుడే. వెనకవాడు గొంగడి కప్పుకుని ఉన్నాడు, మొహం కనిపించదు.

"మన కండ్ల రంగు సంగతి జూసేటందుకు మన లోపట ఇద్దరుంటరు. ఒకన్ని అమ్మ పంపుతది, ఒకన్ని నాయిన పంపుతడు. గీ మీసాలాయన నల్లకండ్లోడు. ఈయన ఉన్నకాడ ఇంకొకల్లను మాట్లాడనియ్యడు. గొంగడి కిందోడు పిల్లికండ్లోడు. వచ్చిన ఇద్దరూ గొంగడోళ్లే అయితెనే ముసుగు తీస్తరు."

పిల్లలు బోర్డును చూశారు, నన్ను చూశారు, మళ్ళీ నవ్వారు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. "నవ్వుడు సరే, సమజైందా?" అన్నాడు. పిల్లలు తలలు దించి పుస్తకాల్లో వెతకసాగారు.

ఆమెను గట్టెక్కిద్దామని లేచి నిలబడ్డాను.

"నేను చెప్త సారూ. మీ టీచరమ్మవి పిల్లికండ్లు. నావి నలుపు, మా ముసలిదానివి నలుపు, కొడుకువి, కోడలివి గూడ నలుపే. మా దిక్కు ఎవ్వలకు గసొంటియి లెవ్వు. అంటె అవి మా వియ్యంకుల దిక్కు నుంచే వచ్చినయి!"

మా ఊళ్ళలో పురుడు చేసిన నాడు బిడ్డ చుట్టూ చేరి చేసే పంపకమే అది. మంచి రంగు మనది, చప్పిడి ముక్కు వియ్యంకులది. నేను శాస్త్రం తేల్చేసినంత ధీమాగా కూర్చున్నాను. మనవరాలు తల పట్టుకుంది.

కిటికీ పక్కనున్న ఒక పిల్ల లేచింది. "గట్లెట్లయితది తాతా? ఒక్క దిక్కు నుంచే వస్తె మీసాలాయన కనవడనియ్యడు గద! మా టీచర్‌కు కనవడుతున్నయంటె ఇద్దరు గొంగడోళ్లు వచ్చిన్రు. ఒకడు మీ కోడలు పంపినోడు, ఒకడు మీ కొడుకు పంపినోడు. మీ దిక్కు గూడ ఒకడు ముసుగేస్కొని పండుకున్నడు!"

"అయితె మా ముసలిదాని దిక్కోడే అయ్యుంటడు" అన్నాను వెంటనే.

పెద్దసారు బెంచీ మీద చరిచి మరీ నవ్వాడు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంటూ, "అమ్మా, రేపటి పాఠానికి గూడ బొమ్మలు గీయుండ్రి. ఈ పెద్దమనిషిని మాత్రం జర ఇంటికాడనే ఉంచుండ్రి" అన్నాడు.

ఆ రోజు అక్కడున్నవాళ్ళం: బోర్డు దగ్గర పిల్లికళ్ళ నా మనవరాలు, వెనక బెంచీలో పెద్దసారు, కిటికీ పక్క నా లెక్క తప్పని తేల్చిన పిల్ల, నవ్వి నవ్వి అలసిపోయిన పదో తరగతి వాళ్ళు, ముందు కుర్చీలో మీసాలతో నేను. నా వెనక గొంగడి కింద ఇంకొకడు. వాడున్నాడని నేనింకా ఒప్పుకోలేదు.