సీసా మీద మంగ్లి ముఖం

మా చిన్నప్పుడు... డుంబ్రిగుడ సంతలో మా నాన్న తలనూనె అమ్మేవాడు. పందొమ్మిదివందల ఇరవైల మాట. రైలు ఇంకా కొండెక్కలేదు. కింద శృంగవరపుకోట నుంచి కొబ్బరినూనె కావిళ్ళ మీద వచ్చేది. అమ్మ అందులో గుంటగలగరాకు రసం పోసి కాచేది. ఇల్లంతా పచ్చి వాసన...

నూనె మంచిదే. కానీ సంతలో మా వైపు ఎవరూ చూసేవారు కాదు. ఎదురుగా ఒక పెద్ద వ్యాపారి గంట కొట్టించి, పాటలు పాడించి జనాన్నంతా తన వైపు లాక్కునేవాడు. మా డబ్బా నిండుగా వెళ్ళి నిండుగానే ఇంటికొచ్చేది. ఆ పూట అమ్మ అందరికీ జావతోనే సరిపెట్టేది.

అప్పుడు మా మేనమామ వచ్చాడు. విజయనగరంలో ఒక అచ్చుకూటంలో పని ఆయనది.

"నూనె మంచిదని నీకు తెలుసు బావా. సంతకొచ్చినోడికి ఎలా తెలుత్తాది? సీసాల్లో పోసి బొమ్మ అంటించు. బొమ్మ సూసి ఆగుతారు. ఆగినోడే కొంటాడు" అన్నాడు.

మళ్ళీ వచ్చినప్పుడు కాగితాల కట్ట తెచ్చాడు. ప్రతి కాగితం మీదా ఒకటే ముఖం... పొడుగు జుట్టున్న ఆడపిల్ల. ఎడమ కనుబొమకు అడ్డంగా సన్నటి తెల్లగీత. అచ్చుకూటంలో మూలన పడున్న పాత చెక్క అచ్చుతో వేశాడట. నాన్నకు చూపిద్దామని ఆ అచ్చునూ సంచిలో పెట్టుకొచ్చాడు.

నేనే గంజి రాసి సీసాలకు అంటించాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బొమ్మలో పిల్లకీ అంతే ఉంటాయనిపించింది.

ఆ సంతరోజు పొద్దెక్కినా మంచు విడలేదు. కొండ మీది ఆడవాళ్ళు వచ్చారు. నాలుగు బారల దూరంలో ఆగిపోయారు. సీసాల వంక చూసి, ఏదో గొణుక్కుని, మాకు వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచారు. చుట్టూ సంత గోల. మా దుకాణం ముందు మాత్రం చప్పుడు లేదు...

ఒక్కావిడే దగ్గరికొచ్చింది. బుద్రి అట పేరు. సీసా తీసుకుని ఆ తెల్లగీతను బొటనవేలితో తడిమింది.

"మంగ్లీ..." అంది. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నంత మెల్లగా.

ఆవిడ వెళ్ళాక, మా పక్కన చింతపండు అమ్మే ముసలాయన నాన్నకు చెప్పాడు. "మంగ్లి దాని కూతురు బాబూ. రెండు వానాకాలాల కితం దుంపలకని అడివికెల్లింది. మంచులో తప్పిపోనాది. మరి రాలేదు. దానికీ ఎడం కనుబొమ మీద అలాటి దెబ్బే."

తప్పిపోయిన మంగ్లి సీసా మీద కనిపిస్తోందని కొండంతా పాకింది. తర్వాతి సంతకు ఎక్కడెక్కడి జనమో వచ్చిపడ్డారు. సీసాలన్నీ అయిపోయాయి. కానీ ఒక్కరూ ఆ నూనె తలకు రాసుకోలేదు. గుమ్మం దగ్గర పెట్టుకుని, తప్పిపోయిన మేకల ఆచూకీ ఆ బొమ్మను అడుగుతున్నారట.

మామయ్యకు సంబరం. "ఇంతకన్నా ఏటి కావాల బావా? ఆ గుంట, ఆ బొమ్మలో పిల్లే నూనె కాత్తందని ఓ మాట ఒదిలీ. కొండ కొండంతా నీ ముందే ఉంటాది."

నాన్న సీసాలు నింపుతూనే ఉన్నాడు. ఇంట్లో రెండు పూటలా అన్నం వండుతున్నారు. నాకూ ఆనందంగానే ఉంది, అబద్ధమెందుకు...

కానీ ఆ కాగితాలంటే భయం పట్టుకుంది. ముఖాలు కనబడకుండా బోర్లా తిప్పి, పైన రాయి పెట్టి గంజికని వెళ్ళేదాన్ని. తిరిగొచ్చేసరికి అన్నీ వెల్లకిలా ఉండేవి. రాయి పెట్టినచోటే ఉండేది. గాలికి తిరిగాయేమో అంది అమ్మ. ఆ గదికి కిటికీ లేదు.

మూడో సంతకు అందరికన్నా ముందు బుద్రి వచ్చింది.

"ఈ గుంటని ఎక్కడ సూసి గీసినారు బాబూ? ఆ చోటు సెప్పండి. ఎల్లి తెచ్చుకుంతాను."

నాన్న నోరు తెరిచేలోపే మామయ్య అందుకున్నాడు. "కిందన విజయనగరంలో ఉందమ్మా. సుబ్బరంగా ఉంది."

ఆవిడ వెంటనే వెనుదిరిగింది. కిందికి పోయే బాట పట్టింది. పుట్టాక ఎన్నడూ కొండ దిగని మనిషి.

జనం సీసాల కోసం చేతులు చాస్తున్నారు. నాన్న చేతిలో సీసా కింద పెట్టాడు. తర్వాత మామయ్య సంచిలోంచి అచ్చు లాక్కుని, నా చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు.

మలుపు దగ్గర మంచులో అందుకున్నాం. నాన్న ఆ చెక్కను ఆవిడ చేతిలో పెట్టాడు.

"నా బావమరిది అబద్దమాడినాడమ్మా. నీ కూతుర్ని మేం సూడలేదు. ఇది కర్ర... బీటవారింది, అదే నీకు దెబ్బలా కనిపించింది. నోరెత్తకుండా అమ్ముకున్నాను. తప్పు నాది."

బుద్రి చాలాసేపు ఆ బీట వెంట వేలు నడిపింది. తలెత్తి నా ముఖంలోకి చూసింది. నేను నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"కర్రే" అంది చివరికి. దాన్ని కొంగులో చుట్టుకుని తన ఊరి వైపు ఎక్కిపోయింది. నాన్న ఆ అచ్చును తిరిగి ఇమ్మనలేదు.

ఆ రోజే మిగిలిన సీసాలన్నీ గెడ్డ నీళ్ళలో నానబెట్టి కాగితాలు ఊడదీశాం. మామయ్య గట్టు మీద నిలబడి రుసరుసలాడాడు. "కాళ్ళకాడికొచ్చిన యాపారాన్ని తన్నేత్తన్నావు."

నాన్న ఒక్కటే అడిగాడు. "ఆ బీట ఎప్పటిది?"

మామయ్య గొంతు తగ్గించాడు. "నే మూల నుంచి తీసినప్పుడు లేదు బావా. మొదటి కాగితం ఏసినాక సూసినాను" అన్నాడు. ఆ ఏడాదంతా మళ్ళీ మా ఇంటికి రాలేదు.

ఆ తర్వాత అమ్మ సంతలో పీట వేసుకు కూర్చుంది. వచ్చినవాళ్ళకి ఊరికే తలకు నూనె రాసి, చిక్కు తీసి, జడ వేస్తానంది. కొన్ని వారాలు ఎవరూ కూర్చోలేదు. మళ్ళీ జావ రోజులు. ఒకనాడు బుద్రి వచ్చి, అమ్మ ముందు కూర్చుని జుట్టు విప్పింది. అమ్మ చాలాసేపు దువ్వింది... ఆవిడ వెనకే మిగతావాళ్ళు వచ్చారు. మా నూనె వ్యాపారం నిలబడింది అలా.

మంగ్లి మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు సంతకెళ్తే ప్రతి పొట్లం మీదా ఓ నవ్వుముఖం. ఎవరి పిల్లో అని అడిగేవాళ్ళే లేరు... మీ చిన్నప్పుడు మీ ఊరి కొట్టువాళ్ళు జనాన్ని ఎలా పిలిచేవారు? ఎవరి మాట మీద కొనేవారు? గుర్తున్నవాళ్ళు రాయండి, చదువుకుంటాను.