మూడు వందల మందికి ఒక్కటే ఈమెయిల్

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో జట్‌పురా గేటు దగ్గర జిరాక్సు దుకాణాల వరుసలో ఒక ఆన్‌లైన్ ఫారాల సెంటరు ఉంది. దాన్ని నడిపే విద్యకు నలభై రెండేళ్లు. తెలుగువాళ్లయినా మరాఠీవాళ్లయినా ఆ వీధిలో అందరికీ ఆమె విద్యాతాయే, అంటే విద్యక్కే. రాజురా తాలూకాలో, విరూర్ స్టేషన్ దగ్గరి పల్లెలో పత్తి పండించే భూమన్న కూతురామె. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. తెలుగు గలగలా మాట్లాడుతుంది గాని, తెలుగు అక్షరం కనబడితే కూడబలుక్కోవలసిందే. పెళ్లయి, థర్మల్ ప్లాంటులో ఫిట్టరుగా పనిచేసే తిరుమలేష్ వెంట పట్నం వచ్చాక, ఊరికే కూర్చోలేక టైపింగ్ నేర్చుకుంది. ఏడాది తిరక్కముందే ఒక పాత కంప్యూటరుతో దుకాణం పెట్టింది.

ఉద్యోగాల ఫారాలు అప్పుడప్పుడే కాగితం వదిలి కంప్యూటరులోకి వస్తున్నాయి. ప్రతి ఫారంలోనూ ఈమెయిల్ అడ్రసు కోసం ఒక గడి ఉండేది. కోర్పనా, రాజురా పల్లెల నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలు ఆ గడి దగ్గర బిక్కమొహం వేసేవాళ్లు. "నాది రాస్తలే, ఏమైతది?" అని విద్య దుకాణం పేరుతో ఒక అకౌంటు తెరిచి అందరికీ అదే రాసింది. హాల్‌టికెట్లు అందులోకే వచ్చేవి, ఫలితాలూ అందులోకే. తను లేనప్పుడు ఎవరి కాగితం వాళ్లు తీసుకోవాలని పాస్‌వర్డును అట్టముక్క మీద రాసి గోడకు తగిలించింది కూడా! అందులో తప్పుందని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. ఆ ఒక్క అకౌంటు మీద ఫారాలు నింపి ఎంతోమంది పోలీసులయ్యారు, టీచర్లయ్యారు, అడవి గార్డులయ్యారు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఈ ఏడు జూలైలో ఒక ఉదయం అకౌంటు తెరిచేసరికి తెర మీద హెచ్చరిక కనబడింది. ఎక్కడో ముక్కూ మొహం తెలియని ఊరి నుంచి ఎవరో దీన్ని తెరవబోయారట. అందులో జనాల ఆధార్ కార్డులున్నాయి, మార్క్‌షీట్లున్నాయి, సంతకాలున్నాయి, ఫోటోలున్నాయి. విద్య గబగబా పాస్‌వర్డు మార్చింది.

ఒకప్పుడు అక్కడే ఫారం నింపి, ఇప్పుడు బ్యాంకులో గుమాస్తాగా ఉన్న మనోహర్ ఏదో ప్రింటు కోసం వచ్చి ఆ సంగతంతా విన్నాడు.

"పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదు తాయీ," అన్నాడు. "గింతమంది కాగితాలు ఒక్క జాగల ఉంచుడే తప్పు. ఎవలది వాళ్లకిచ్చి, అకౌంటు కాయంగ, మల్ల తెరవకుంట బంద్ చెయ్యి."

"ఇంకా దీనికే మెయిల్ వచ్చేటోళ్లు ఉంటే?"

"ఒక్కొక్కల్ని పట్టుకొని అడ్రస్ మార్పియ్యాలె. ఇంకో తొవ్వ లేదు."

విద్య ఏదైనా పట్టిందంటే విడిచే రకం కాదు. ఆ రోజే పాత రిజిస్టర్లు దులిపింది. మూడు వందల పన్నెండు పేర్లు తేలాయి. ఫోన్ల మీద ఫోన్లు చేసింది. వారం తిరిగేలోపు దుకాణం పెళ్లిల్లులా మారిపోయింది. గడ్చిరోలి నుంచి ఒక టీచరమ్మ వచ్చింది. వణి నుంచి ఒక కానిస్టేబుల్ యూనిఫాంతోనే దిగాడు. ఒకాయన తను పద్దెనిమిదేళ్లప్పుడు పంపిన ఫోటో చూసుకుని, "ఈ మీసాలు లేనోడు నేనేనా!" అని పడీపడీ నవ్వాడు. వచ్చినవాళ్లందరికీ సొంత మెయిల్ తెరిపించి, వాళ్ల కాగితాలు అందులోకి పంపి, రిజిస్టరులో పేరు కొట్టేసేది. ఒక్కో పేరు కొట్టేసినప్పుడల్లా ఒళ్లు తేలికైనట్టు ఉండేది.

బుధవారం నాటికి పదిహేడు పేర్లే మిగిలాయి. వాళ్ల మెయిళ్లు వెతుకుతూ, పనికిరానివి పోయి పడే స్పామ్ గదిని కూడా ఒకసారి చూద్దామని తెరిచింది. లాటరీ మోసాల మధ్య ఒక సర్కారు మెయిల్ నలిగిపోయి కనబడింది. వచ్చి తొమ్మిది రోజులైంది. నర్సుల భర్తీలో వెయిటింగ్ లిస్టులో ఉన్న ఆశ అనే అమ్మాయి వంతు వచ్చిందనీ, అసలు కాగితాలతో నాగ్‌పూర్‌లో హాజరు కావాలనీ, రాకపోతే తరువాతివాళ్లకు ఇస్తామనీ అందులో ఉంది. తేదీ చూసింది. రేపే! ఉదయం పదకొండింటికి.

విద్య కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఆశ ఆమెకు బాగా గుర్తు. విరూర్ వైపు పిల్ల. పదో తరగతి స్కాలర్‌షిప్పు నాడు రాసిన దుకాణం అడ్రసే నర్సింగు చదువుకూ, రెండేళ్ల కిందటి ఈ ఫారానికీ నడిచొచ్చింది. నంబరుకు ఫోను చేస్తే ఆ నంబరే లేదంది. ఊళ్లో ఉన్న తమ్ముడు దత్తుకు చేసింది.

"సాయమ్మ బిడ్డనా? బల్లార్‌పూర్‌ల ఏదో మందుల దుకాణంల పని చేస్తుందట అక్కా. ఏ దుకాణమో ఎరుక లేదు. సాయమ్మ చేనుకు పోయింది."

"నువ్వు చేనుకు ఉరుకు. బిడ్డ సర్టిఫికెట్లన్నీ తయారు పెట్టమని చెప్పు. నేను బల్లార్‌పూర్ పోతున్న!"

షట్టరు సగం దించి, స్కూటీ తీసి, ముసురులోనే బయల్దేరింది. బల్లార్‌పూర్ కాగితం మిల్లు వాసన ముక్కుకు తగిలేసరికి నిలువునా తడిసిపోయింది. మొదటి దుకాణంలో అడిగింది, లేదన్నారు. రెండోదీ మూడోదీ అంతే. నాలుగో దుకాణం వాడు మందు చీటీ కోసం చేయి చాపాడు. బస్టాండు దగ్గరున్న ఐదో దుకాణంలో, కౌంటరు వెనక మాత్రల పెట్టెలు సర్దుతూ ఆశ కనబడింది.

"ఆశా! నీకు పిలుపొచ్చింది! నర్సు నౌకరి!"

ఆశ నవ్వలేదు. చేతిలో పెట్టె కూడా కింద పెట్టలేదు. "గిట్లాంటియి దినాం వస్తయక్కా. అన్నీ మోసాలే. లిస్టు ఎప్పుడో ఖతమైంది."

విద్య తడి చేతులతోనే సంచిలోంచి ప్రింటు తీసి కౌంటరు మీద పరిచింది. "రోల్ నంబర్ చూడు."

రెండేళ్లయినా ఆ నంబరు ఆశకు కంఠతా ఉంది. ఒక్కో అంకె మీదా వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ చదివింది. ఆఖరి అంకె దగ్గర వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. అప్పుడు, "అక్కా!" అని ఒక్క కేక పెట్టి కౌంటరు కింద నుంచి దూరి వచ్చి విద్యను వాటేసుకుంది.

కాగితం మిల్లు పని కోసం గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబంలోని రాధాకృష్ణగారిది ఆ దుకాణం. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "ఇంకా ఇక్కడే నిలబడ్డావేంటమ్మా? ముందు వెళ్లి కాగితాలు తెచ్చుకో!" అన్నాడు.

కాగితాలు అమ్మ దగ్గర పెట్టెలో ఉన్నాయి. అమ్మేమో వార్ధా నదికి అవతల ఉంది. రాజురా వంతెన మీదికి పొద్దుటి నుంచి నీళ్లెక్కాయి, బస్సులు ఆపేశారు. ఆశ ముఖం పాలిపోయింది. కానీ విద్య పుట్టిందీ పెరిగిందీ ఆ నది అవతలే. "రోడ్డు బంద్ అయితే బండి ఉండదా? రైలు వంతెన ఎత్తు మీద ఉంటది," అంటూ దత్తుకు ఫోను చేసింది. "సాయమ్మత్తను విరూర్‌ల సాయంత్రం ప్యాసింజర్ ఎక్కియ్యి!"

"ఎక్కిస్తగని, ఏ కాగితం కావాల్నో ఆమెకెట్ల తెలుస్తది? నాకన్న చూపియ్యమంటే, పెట్టె ముట్టనిస్తలేదు."

"ఎట్లనన్న తెమ్మను!"

సాయంత్రం బల్లార్‌పూర్ ఊరి స్టేషనైన బల్లార్షాలో ఇద్దరూ ప్లాట్‌ఫాం ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్నిసార్లు తిరిగారో. ప్యాసింజరు ముప్పావుగంట ఆలస్యం. ఆ సందులో విద్య ఆశ ఫోనులో ఆమె పేరుతో సొంత మెయిల్ తెరిచిచ్చింది. డ్యూటీ దిగిన తిరుమలేష్ కూడా పొడిబట్టలు పట్టుకుని వచ్చాడు. బండి ఆగింది. జనం దిగుతున్నారు, సాయమ్మ కనబడదు. ఆశ ఒక్కో డబ్బా కిటికీలోకి తొంగిచూస్తూ పరుగెత్తింది. ఆఖరి డబ్బా తలుపులో ముందు ఒక రేకుపెట్టె కనబడింది, ఆ తరువాత దాన్ని నెత్తిన పెట్టుకున్న మనిషి.

"ఏది కావాల్నో నాకేమెరుక బిడ్డా?" అంది సాయమ్మ, తిరుమలేష్ పెట్టె దించుతుంటే. "పెట్టెకు పెట్టె తెచ్చిన!"

ప్లాట్‌ఫాం బెంచీ మీద పెట్టె తెరిచారు. పెళ్లి చీర, పసుపు కొమ్ములు, రేషను కార్డు, చనిపోయిన భర్త ఫోటో, వాటి అడుగున రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన కాగితాలు. విద్య మెయిల్‌లోని పట్టిక చదువుతుంటే ఆశ ఒక్కోటీ తీసి ఒళ్లో పెట్టుకుంది. పదో తరగతి ఉంది, డిప్లొమా ఉంది, కులం సర్టిఫికెట్ ఉంది. నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషను మాత్రం కనబడలేదు. పెట్టె బోర్లించారు. లేదు. సాయమ్మ ఒక్క క్షణం ఆలోచించి, భర్త ఫోటో తిప్పి, వెనక అట్ట ఊడదీసింది. కాగితం మడత నలగకుండా అక్కడుంది.

"అన్నిట్ల ముఖ్యమైంది అదే అన్నవ్ గద. మీ నాయిన దగ్గర పెట్టిన," అంది.

ఆశ తల్లి భుజం మీద తల వాల్చి, నవ్వుతూనే ఏడ్చింది.

తెల్లవారుజామున తల్లీ కూతుళ్లు నాగ్‌పూర్ బండెక్కారు. ఆ రోజు విద్య దుకాణం తెరిచిందే గాని పని మీద మనసు నిలిస్తే ఒట్టు. ఒకరి ఫారంలో ఇంకొకరి ఊరు రాసింది. రెండున్నరకు ఫోను మోగింది.

"అక్కా, అయిపోయింది! అన్ని కాగితాలు సరిగున్నయన్నరు. ఆర్డరు పదిహేను దినాల్ల వస్తదట. ఏ మెయిలుకు పంపాల్నని అడిగిన్రు. నిన్న నువ్వు తీసిచ్చిన నా మెయిలే రాసిచ్చిన!"

విద్య కౌంటరు మీద రెండు చేతులూ చరిచింది. ఆ దెబ్బకు పంచింగు మిషను కింద పడింది.

మిగిలిన పదహారు మందినీ ఆ వారంలోనే పట్టుకుంది. సోమవారం మధ్యాహ్నం, రిజిస్టరులో కొట్టేయని పేరు ఒక్కటీ లేదని రెండుసార్లు చూసుకున్నాక, అకౌంటును శాశ్వతంగా మూసే పేజీ తెరిచింది. మనోహర్ బ్యాంకు భోజన విరామంలో వచ్చి పక్కన నిలబడ్డాడు. నిజంగా మూయాలా అని కంప్యూటరు అడిగింది. విద్య అవునంది. పోయినవి తిరిగి రావంది. తెలుసంది. ముప్పై రోజుల్లోపు మళ్లీ తెరిస్తే అకౌంటు బతుకుతుందనీ, తెరవకపోతే పూర్తిగా పోతుందనీ చెప్పింది. విద్య ఆఖరి మీట నొక్కింది.

"గంతేనా?" అంది.

"గంతే తాయీ."

ముప్పై రోజులు చేయి ఆపుకోవడమే కష్టమైంది. పద్దెనిమిదేళ్లుగా దుకాణం తెరవగానే వేళ్లు వాటంతట అవే ఆ పేరు కొట్టేవి. సగం కొట్టి చెరిపేసిన రోజులున్నాయి. ముప్పై ఒకటో నాడు పూర్తిగా కొట్టింది. అటువంటి అకౌంటు ఏదీ లేదని వచ్చింది. ఆ వాక్యాన్ని చూసి ఆమె ఎంత గట్టిగా చప్పట్లు కొట్టిందంటే, పక్క బండి చాయ్‌వాలా ఏమైందోనని గరిటెతో పరుగెత్తుకొచ్చాడు.

ఆశ అప్పటికే ఒక తాలూకా ఆసుపత్రిలో కాన్పుల వార్డులో చేరింది. మొదటి సెలవు రోజున తల్లిని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. సాయమ్మ కొత్త ఫోనును పసిబిడ్డలా రెండు చేతులా పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"నాకు సుత ఒక మెయిలు తీసియ్యి బిడ్డా. మా పిల్ల దవాఖాన ఫోటోలు దాంట్లకే రావాలె."

"తీద్దాం అత్తా. ఏం పేరు పెడుదాం?"

"నా పేరే పెట్టు. ఇంకెవలది పెడతవ్?"

విద్య సాయమ్మ అని కొట్టింది. ఆ పేరు ఇదివరకే ఎవరో తీసుకున్నారని ఫోను చెప్పింది. ఆ మాట చెప్పగానే సాయమ్మ లేచి నిలబడింది.

"నా పేరు ఎవలు తీసుకున్నరు? ఏ ఊరామె?"

దుకాణంలో ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. విద్య నవ్వాపుకుని, పేరుకు ముందు విరూర్ అని చేర్చి మళ్లీ కొట్టింది. ఈసారి ఫోను మారుమాట లేకుండా ఒప్పుకుంది.