వెనక స్పీకరు గురగుర

కళింగపట్నంలో చేపల వేటకెళ్లిన బావమరిది పడవ చీకటి పడినా రాలేదు. ఫోను కలవడం లేదు. మనసు నిలవక కంప్యూటరు ముందు కూర్చున్నాను. సరౌండ్ స్పీకర్లలో వెనక కిటికీ దగ్గరది గురగురమంటోంది. జాక్ తీసి పెట్టాను, వైర్లు మార్చాను. ఆగి, మళ్లీ మొదలైంది.

"ఆ గోల కట్టేయండి. తమ్ముడు ఫోన్ సేస్తే ఇనబడొద్దేటి?" అంది మా ఆవిడ.

అంతలో ఫోను మోగింది. సిగ్నల్ అక్కడ బాగా అందుతుందని ఆ సాయంత్రమే దాన్ని ఆ స్పీకరు మీద పెట్టాం. తెలియని నంబరు. ఆవిడ ముట్టుకోలేదు. నేనే ఎత్తాను.

"బావా, ఒడ్డుకొచ్చేసినాం. నా ఫోను తడిసిపోనాది. ఇందాకట్నుంచీ సేస్తన్నాను, కలవలేదు. అక్కని ఏడవొద్దని సెప్పు."

గురగుర ఆ కలవని కాల్స్‌దే; ఫోనుకి సిగ్నల్ తగిలినప్పుడల్లా కిందున్న స్పీకరు గురగురమంటుంది. ఫోను పక్కకి జరుపుదామంటే ఆవిడ ఒప్పుకోవడం లేదు, కబురు ముందే తెలుస్తుందట. స్పీకరు గురగురమన్నాక ఫోను మోగేదాకా నాకు ఊపిరాడదు. మీరైతే ఏం చేస్తారు?