పక్క సీటు మీద అధికారం

పుప్పాలగూడ మలుపు దగ్గర ఆఫీసు క్యాబ్ బోల్తా పడ్డది. వెనక సీట్లో ఇద్దరున్నరు. ఒకరు మా తమ్ముడు, ఇంకొకరు మా చర్చికి వచ్చే ఒక అక్క కొడుకు. ఆ అక్క కొడుకు బతికిండు. మా తమ్ముడు దవాఖానకు చేరకముందే పోయిండు.

తర్వాతి ఆదివారం కొండాపూర్‌ల మా చర్చిలో ఆ అక్క సాక్ష్యం చెప్పనీకి లేచింది. "సర్వాధికారి అయిన దేవుడు నా కొడుకును కాపాడిండు" అన్నది. అందరూ "స్తోత్రం" అన్నరు. చిన్నప్పటి నుంచి అలవాటైన నోరు కదా, నాది కూడా అనేసింది. ఆ నోటి మీద కొట్టుకోవాలనిపించింది.

ఆరాధన అయినంక పాస్టరు గారిని గేటు దగ్గర ఆపిన.

"ఆ పిల్లగాడి సీటు మీద అధికారం ఉన్న దేవుడికి పక్క సీటు మీద లేదా అండి?"

ఏదో ఓదార్పు మాట చెప్తరు, అక్కడికక్కడే కడిగేద్దామనుకున్న. ఆయన తల దించుకున్నరు.

"ఉందమ్మా" అన్నరు.

లేదని చెప్పి ఉంటే నేను మళ్ల ఆ గడప తొక్కకపోదును. ఇప్పటికీ ప్రతి ఆదివారం పోతున్న. స్తోత్రం మాత్రం చెప్త లేను. అధికారం చేతిల ఉన్నోడినే కదా ఎవరైనా నిలదీసేది.