ఆరు వారాల రొట్టె

పేటలో ఆమెను అందరూ రొట్టెలక్క అంటారు. పద్నాలుగేళ్లుగా తమ రొట్టెల కొట్టులో పిండి కలుపుతోంది. ముద్ద మీద వేలు నొక్కి, అది పొంగిందో లేదో ఇట్టే చెప్పేస్తుంది. తన కడుపు సంగతి మాత్రం ఆమెకు నాలుగేళ్లుగా అంతుపట్టలేదు. తిన్న గంటకల్లా పొట్ట ఉబ్బేది, విరేచనాలు పట్టుకునేవి, నాలుగు మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. మొగుడు గ్యాస్ అన్నాడు. మందుల షాపాయనా గ్యాసే అన్నాడు. మనవాళ్లకు మెడ నుంచి మోకాలి దాకా ఎక్కడ నొప్పొచ్చినా పేరు అదొక్కటే కదా!

ఒకసారి జ్వరమొచ్చి పది రోజులు గంజితో గడిపితే కడుపు హాయిగా ఉంది. మళ్లీ రొట్టె ముట్టగానే మొదటికొచ్చింది. దాంతో ఆమె గోధుమన్నది పూర్తిగా మానేసింది. ఏడాది తిరిగేసరికి మనిషి కోలుకుంది, కానీ ఊరుకునేదెవరు? రొట్టెలమ్మే మనిషి తన రొట్టె తినదేమిటని కొనేవాళ్లు గుసగుసలాడారు. వాళ్ల నోళ్లు మూయిద్దామని రక్తపరీక్ష చేయించుకుంటే, అందులో ఏమీ తేలలేదు.

"చూశావా, అంతా నీ భ్రమే," అన్నాడు మొగుడు. కడుపునొప్పి కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

పట్టు వదలకుండా ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. పరీక్షకు ముందు రొట్టె తింటున్నారా అని ఆవిడ అడిగింది. ఏడాదిగా ముట్టలేదంది రొట్టెలక్క. మరి పరీక్షలో ఎలా తెలుస్తుందని డాక్టరమ్మ నవ్వి, విడమరిచి చెప్పింది. కొందరికి గోధుమ పడదు. తింటే ఒళ్లు తన పేగునే శత్రువనుకుని దెబ్బతీస్తుంది. ఆ పోరు జాడలే రక్తంలో దొరికేవి. తినడం మానేస్తే పోరూ ఉండదు, జాడలూ ఉండవు. కాబట్టి ఆరు వారాలు రోజూ రొట్టె తిని, అప్పుడు పరీక్షకు రావాలి.

మర్నాటి నుంచే రోజుకు రెండు ముక్కలు, మొగుడి ఎదుటే తినడం మొదలుపెట్టింది. మూడో వారానికి పిండి బస్తాల వెనక కడుపు పట్టుకుని కూలబడింది. మొగుడి మొహం పాలిపోయింది.

"ఇక చాలే, మానెయ్. నేను నమ్ముతున్నాను," అన్నాడు.

"నువ్వు నమ్మితే సరిపోదయ్యా. నాకు తెలియాలి," అని, ఆమె మిగిలిన ముక్క కూడా నమిలి మింగింది.

ఆరు వారాలయ్యాక రక్తంలో జాడలు దొరికాయి. నోట్లోంచి గొట్టం వేసి పేగు చూసి, జబ్బు ఖాయమన్నారు. రోగముందంటే సంతోషించే మనిషిని మీరెక్కడైనా చూశారా? ఆమె మాత్రం ఆ కాగితం పట్టుకుని హాయిగా ఏడ్చింది. జీవితాంతం గోధుమ తినకూడదు, పిండి దుమ్ము కూడా నోట్లోకి పోకూడదు అన్నారు.

"అయితే కొట్టు మూసేద్దామా?" అన్నాడు మొగుడు, తల దించుకుని.

"ఎందుకు మూయడం? నాది భ్రమ కాదని తేలిందిగా. ఇక పిండి నువ్వు కలుపు, దుమ్ము తగలకుండా దూరంగా నిలబడి నేను నేర్పిస్తాను. చేతులు కడుక్కుని రా."