మెల్లకన్ను తుపాకి

మా నాయన తుపాకిని నా తమ్ముడు నన్ను అడగకుండా లేతు మిషను మీద పెట్టించాడు. అది తప్పు. ఇన్నేళ్ల తర్వాత కూడా తప్పే అంటాను.

మా తాలూకాలను కర్నూలు నుంచి తీసి కొత్త ప్రకాశం జిల్లాలో కలిపిన రోజులవి. నాయన పోయాక లైసెన్సు తమ్ముడి పేరిట మారింది. గిద్దలూరు దాటాక అడవి అంచున మా చేను. పందుల నుంచి పంటను కాచేది ఆ రైఫిలొక్కటే. దూరం పెరిగేకొద్దీ దాని గుండు ఎడమకు పోయేది. నాయన దాన్ని మెల్లకన్నుది అనేవాడు. జానెడు కుడికి గురి పెడితే పంది పడేది. నాకు నేర్పేటప్పుడు వెనక నిలబడి, మోచేయి తాకి, "కుడికి, నాయనా" అనేవాడు. మా వైపు తండ్రీ నాయనే, ముద్దుకు కొడుకూ నాయనే.

తమ్ముడు దాన్ని మార్కాపురంలో తుపాకులు బాగుచేసే సాయిబుకు ఇచ్చాడు. ఆయన పని బాగా చేశాడు, కాదనను. నేను బడికి పోయింది తక్కువే అయినా ఇంగ్లీషు పుస్తకం, నిఘంటువు పక్కపక్కన పెట్టుకుని ఆ సంగతులు చదివినవాణ్ణి. తూటాను వెనక నుంచి బిగించే బోల్టుకుండే రెండు కొమ్ముల్లో ఒకటే ఆనేది. మసి పూసి చూసుకుంటూ, రెండూ సమానంగా ఆనేదాకా అరగదీశాడు. గొట్టం వచ్చి కూర్చునే ముఖాన్ని లేతు మీద చదును చేశాడు.

"వంకర తీపిస్తే తప్పేందన్నా? మెల్లకన్నుకు అద్దాలు పెట్టించినా అనుకో" అని తమ్ముడు నవ్వాడు.

పరీక్షకు సాయిబు కూడా మా చేనికి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. గాలి లేదు, కంది ఆకు కదలడం లేదు. దూరాన మట్టికట్టకు గోనెసంచి ఆనించి సున్నంతో బొట్టు పెట్టాం. నేను బొట్టునే చూసి కాల్చాను. గుండు జానెడు కుడికి పడింది. పాత అలవాటు పోలేదు నీకు అన్నాడు తమ్ముడు. వాడూ కాల్చాడు. నా చిల్లులోనే. నేను పోయి గట్టు మీద కూర్చున్నాను. మా నాయనను ఎన్నడూ చూడని సాయిబు కాల్చాడు. అక్కడే. కాల్చి, వెనక్కి తిరిగి చూశాడు.

చివరికి తుపాకిని ఇసుక మూటల మధ్య బిగించి, ఎవరి చెయ్యీ తగలకుండా ట్రిగ్గర్‌ను దారంతో లాగాం. బొట్టు నడుమన పడింది.

సాయిబు నీళ్లు కూడా తాగకుండా బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ ఏడు పందులు కందిచేనంతా తొక్కాయి. మనిషి చెయ్యి పడితే చాలు, ఎడమకు గురి పెట్టినా గుండు కుడికే. తుపాకిలో వంకర తీసేశారు సరే, ఆ వంకరను దిద్దే చెయ్యి ఎక్కడికి పోవాలని ఎవరూ ఆలోచించలేదు.

మార్కాపురం పోయినప్పుడల్లా సాయిబును అడిగేవాణ్ణి, ఆ రోజు గురి ఎక్కడ పెట్టావు మామా అని. ఆయన మాట మార్చి, ఊళ్లోని పలకల లారీల సంగతి ఎత్తేవాడు. చూపు మందగించి దుకాణం మూసేసే రోజుల్లో మళ్లీ అడిగితే, తలుపు దగ్గరికి వేసి చెప్పాడు:

"బొట్టు మీదనే పెట్టినా. వెనకనుంచి మోచేయి తాకి, 'కుడికి, నాయనా' అన్నారు. నువ్వే అనుకోని జరిపినా. తిరిగి చూస్తే నువ్వు యాడో గట్టు మీద కూచోనుండావు. అయినా నువ్వు నన్ను మామా అంటావు గదా."