పిచికారీ అయ్యాక ఇచ్చే సీసా

మావయ్య డీఅడిక్షన్ సెంటర్ నుంచి వచ్చి అప్పటికి ఇరవై రెండు రోజులు. చుక్క ముట్టలేదు. తోడుగా ఉండమని అమ్మ నన్ను బెజవాడ నుంచి దర్శి దగ్గరున్న వాళ్ల ఊరికి పంపింది. సెంటర్ కౌన్సెలర్ మేడమ్ నంబరు, తాగుడు గురించి ఆవిడ పంపిన వీడియోలు నా ఫోన్‌లో ఉన్నాయి. అవి చాలనుకున్నాను.

మావయ్య మిరప చేలల్లో పురుగుమందు కొట్టే కూలీ. మళ్లీ పనికెళ్లిన మొదటిరోజు నేనూ వెంట వెళ్లాను. సాయంత్రం వీపు మీది మందు ట్యాంకులు దించగానే రైతు మావయ్యకీ, రెండో కూలీకీ చెరో క్వార్టర్ బ్రాందీ సీసా ఇచ్చాడు. అక్కడ అది మర్యాద. లోపలికి పోయిన విషాన్ని సీసా కడిగేస్తుందని అందరి నమ్మకం.

నేను మావయ్య చేతిలోంచి లాక్కుని రాయికేసి కొట్టాను.

"బుద్ధుందా మీకు? తాగుడు మానడానికి సెంటర్లో ఉండొచ్చిన మనిషికి ఇస్తారా?"

రైతు తెల్లబోయాడు. "నాకెవరు చెప్పారయ్యా? జ్వరమొచ్చి ఒంగోలు వెళ్లాడన్నారు."

రెండో కూలీ నవ్వాడు. "ఏరా, మేనల్లుణ్ణి కాపలా పెట్టుకున్నావా?"

అత్త జ్వరమని చెప్పి ఊరందరి దగ్గరా దాచిన సంగతి నేను ఒక్క అరుపులో చెప్పేశాను. మావయ్య తలెత్తకుండా బ్రాందీ షాపు వైపు నడిచాడు.

వెనకాలే వెళ్తూ మేడమ్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "తాగొద్దని చెప్పకు బాబూ. ఇప్పుడేం కావాలో అడుగు. తాగితే విషం పోదు, ఇంకా ప్రమాదం. ముందు సబ్బుతో ఒళ్లు కడుక్కోమను."

అడిగాను. మావయ్య ఆగాడు.

"ఒళ్లంతా ఆ పురుగుమందు వాసనేరా. తాగితేగానీ పోదు."

"ముందు స్నానం చెయ్ మావయ్యా."

పక్కనే బోరు నడుస్తోంది. సబ్బు కోసం ఇంటికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి ఉంటాడన్న నమ్మకం లేదు. ఉన్నాడు. చాలాసేపు రుద్దుకున్నాడు.

ఆ వీడియోలన్నింట్లో సంసారాలు కూలిపోవడమే చూపించారు. చేను గట్టున చేతికొచ్చిన సీసాని పరువు పోకుండా ఎలా వద్దనాలో ఒక్కదాంట్లోనూ లేదు. ఉన్నా, నేను వినేవాణ్ణా?

తర్వాతి పిచికారీ రోజు మావయ్య నన్ను రావద్దన్నాడు. ట్యాంకు ఎత్తుకోకముందే రైతుతో తనే అన్నాడట: "నాకు సీసా వద్దండి. సబ్బు బిళ్ల ఇప్పించండి." రైతు రెండు తెప్పించాడట. రెండో కూలీ సబ్బూ తీసుకున్నాడు, సీసా కూడా.

మావయ్య తడి జుట్టుతో ఇంటికొచ్చి అన్నం పెట్టమన్నాడు.